స్లోలో నిలబడని మోటారు

రిజర్వాయరు నడిమధ్యన, ఖాళీ పీపాల మీద పరిచిన చెక్కల మీద, ఒక రేకుల గది తేలుతూ ఉంటుంది. దాని చుట్టూ వలలతో కట్టిన చేపల బోనులు. ఆ గదిలో ఉండి, చేపలకి మేత వేసి, వలలు చిరిగితే కుట్టి, దొంగల చెయ్యి పడకుండా కాపలా కాసే మనిషికి యాభై దాటి చాన్నాళ్ళే అయింది. ఒడ్డున వాళ్ళకి ఆయన బోనుల కాపలా ఆయన. అంతకుముందు మాత్రం ఊరంతా కండక్టరనే పిలిచేది. తమ్ముడి పిల్లలకి సైతం ఆయన కండక్టరు పెదనాన్నే.

ఇరవై ఏళ్ళ పైచిలుకు ఒకే ప్రైవేటు బస్సులో చేశాడాయన. నోరు క్షణం ఊరుకునేది కాదు. ఎక్కేవాళ్ళని పలకరించాలి, దిగేవాళ్ళకి సంచి అందించాలి, మధ్యలో నిలబడ్డవాళ్ళని నవ్వించాలి. "ముందుకి జరగండమ్మా, లోపల కబడ్డీ ఆడుకునేంత జాగా ఉంది" అంటే, ఒంటికాలి మీద నిలబడ్డవాళ్ళు కూడా తిట్టుకుంటూనే నవ్వేవాళ్ళు. ఎవరి కూతురికి ఎన్నో నెల, ఎవరి మావగారు మంచాన పడ్డాడు, ఎవరింట్లో గేదె పాలివ్వడం మానేసింది, అన్నీ ఆయన నాలుక చివరే ఉండేవి.

ఇంతమందిని ఇళ్ళకి చేర్చినవాడు తన పెళ్ళి బస్సు మాత్రం అందుకోలేకపోయాడు. ముందు తమ్ముడిది కానిద్దాం, ముందు అమ్మకి ఒళ్ళు కుదుటపడనిద్దాం అనుకుంటూ ఉండగానే తల నెరిసింది. అమ్మ పోయాక తమ్ముడింట్లోనే ఉన్నాడు. మరదలు మంచి మనిషి. కంచం దగ్గర ఏనాడూ లోటు చెయ్యలేదు. కానీ ఆయన గదిలోకి వస్తే టీవీ గొంతు తగ్గేది. పిల్లలు చాపిన కాళ్ళు ముడుచుకునేవాళ్ళు. "బావగారికి ఇంకొంచెం వడ్డించనా?" అని మరదలు మరీ మర్యాదగా అడిగేది. ఆ మర్యాదే ఆయనకి మింగుడు పడేది కాదు. ఇంటిమనిషిని చుట్టంలా చూడటం మొదలయ్యాక, పొమ్మనే దాకా ఆగక్కర్లేదని ఆయనకి తెలుసు.

బస్సుల యజమాని బస్సులమ్మేసుకున్న ఏడాదే, చేపల కంపెనీలో సూపర్‌వైజరుగా చేసే పాత ప్రయాణికుడొకడు ఈ పని చూపించాడు.

"మనుషులుండరు మరి. ఉండగలవా?"

"ఇన్నాళ్ళూ మనుషుల్నే మోశానుగా. ఇక చేపల్ని చూసుకుంటాలే" అని నవ్వేశాడు కండక్టరు.

నవ్వడం తేలికే. వారానికోసారి సూపర్‌వైజరు పెద్ద పడవలో మేత బస్తాలు, బియ్యం, కూరగాయలు, పెట్రోలు తెచ్చేవాడు. బస్తాలు దించి, చేపలెలా ఉన్నాయో చూసి, టీ అయినా తాగకుండా వెళ్ళిపోయేవాడు. ఆయనకి ఇంకో రెండు చోట్ల బోనులున్నాయి మరి. మళ్ళీ వారం దాకా ఇంకో గొంతు వినపడేది కాదు. మొదట్లో కండక్టరు చేపలతో మాట్లాడాడు. నీటికోళ్ళతో మాట్లాడాడు. కొన్నాళ్ళకి అదీ మానేశాడు. ఒక్కోసారి సూపర్‌వైజరు వచ్చి "ఏం, అంతా కులాసానా?" అంటే, జవాబు చెప్పబోయేసరికి గొంతు తుప్పుపట్టిన తలుపులా కిర్రుమనేది. నాలుగు రోజులుగా తను ఒక్క మాటా బయటికనలేదని అప్పుడు గుర్తొచ్చేది.

గది వెనక, ఒక్క మూల మాత్రమే ఫోను సిగ్నలు ఉండేది. అక్కడ స్టూలు మీదెక్కి, చూరుకున్న ఇనప కడ్డీ ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఫోను చెవికి ఆనించాలి. అలా నిలబడి తమ్ముడికి చేస్తే, "బాగున్నావా? ఇక్కడంతా బాగే. ఉండు, ఎవరో వచ్చారు" అనేవాడు. అంతటితో అయిపోయేది.

ఇక మోటారు సంగతి. మేత వెయ్యడానికి ఆయనకో చిన్న పడవుంది. దాని వెనక తగిలించే పాత మోటారుంది. మేత వెయ్యడంలో ఒక లెక్కుంది. మోటారుని స్లోలో పెట్టాలి. పడవ దానంతటదే బోను పక్కన నత్తలా జరుగుతుంటే, రెండు చేతులా మేత చల్లుకుంటూ పోవాలి. మోటారు హోరెత్తితే చేపలు బెదిరి అడుక్కి పోతాయి. ఆగిపోతే పడవ గాలికి కొట్టుకుపోయి వలలో ఇరుక్కుంటుంది.

ఒక పొద్దున అదే జరిగింది. ఒడ్డు వైపు వెళ్ళొచ్చేటప్పుడు గుర్రంలా పరిగెత్తిన మోటారు, బోను దగ్గర స్లోలో పెట్టగానే వణికి, దగ్గి, ఆగిపోయింది. తాడు లాగాడు. అంటుకుంది. మళ్ళీ వణికింది, మళ్ళీ ఆగింది. లాగి లాగి భుజం పట్టేసింది. పడవ వలలోకి పోయి చిక్కుకుంది. ఆ రోజు మేత తెడ్డు వేసుకుంటూ వేశాడు. ఒకరు చేసే పని కాదది. మధ్యాహ్నానికి చేతులు లేవలేదు.

మోటారు మూత మీద ఎవరో తెల్ల రంగుతో "మోటారు మేస్త్రీ" అని రాసి, కింద ఫోను నంబరు వేశారు. కండక్టరు స్టూలెక్కి ఆ నంబరుకి చేశాడు.

"ఎవరూ?" అందొక బరువైన గొంతు.

"చేపల బోనుల దగ్గర్నుంచండీ. మోటారు ఆగిపోతోంది."

"ఆగని మోటారు లోకంలో లేదు. ఎప్పుడాగుతోందో చెప్పండి. పరిగెత్తేటప్పుడా, నెమ్మదిగా ఉన్నప్పుడా?"

"నెమ్మదిగా ఉన్నప్పుడేనండీ. రేసిస్తే భేషుగ్గా పోతోంది. స్లోలో పెడితే ముసలాడి దగ్గులా ఖళ్ళు ఖళ్ళుమని, ఆగిపోతోంది."

"అప్పుడు చోక్ కాస్త లాగి చూశారా?"

"లేదండీ."

"చూడండి. నేనుంటాను."

పడవ ఆ మూలకే కట్టేసి ఉంది. కండక్టరు ఫోను చూరు సందులో దోపి, దిగి, తాడు లాగాడు. మోటారు అంటుకుని వణకడం మొదలెట్టగానే చోక్ కాస్త లాగాడు. దగ్గు తగ్గింది. మోటారు కుదుటపడింది. ఆ సంబరంలో అలవాటు కొద్దీ, మూత మీద చరిచి, "రైట్, రైట్!" అని అరిచాడు.

మళ్ళీ స్టూలెక్కేసరికి ఫోనులో నవ్వు వినిపిస్తోంది. "ఏమండోయ్, మీరు కండక్టరా?"

ఏడాది పైన అయింది ఆయన్ని ఎవరైనా ఆ మాటతో పిలిచి. "ఒకప్పుడండీ" అన్నాడు.

"అయితే వినండి కండక్టరు గారూ. చోక్ లాగితే కుదురుకుందంటే మోటారుకి పెట్రోలు చాలినంత అందట్లేదన్నమాట. స్లోలో వెళ్ళే దారి వేరు, సన్నది. అది మూసుకుపోయుంటుంది. అలాగని ఇప్పుడే కార్బొరేటర్ మీద పడిపోకండి. ముందు తేలికవి చూడాలి. ట్యాంకు మూతకి గాలి కన్నం ఉంటుంది, అది తెరిచుందా? పైపు మధ్యలో రబ్బరు బుడ్డి నొక్కితే గట్టిపడుతోందా? పెట్రోలు కొంచెం గాజు సీసాలో పోసి కదపకుండా ఉంచండి, నీళ్ళుంటే అడుక్కి దిగుతాయి. ప్లగ్గులు విప్పి చూడండి. ఇవన్నీ అయ్యాక నాకు చెయ్యండి."

గాలి కన్నం తెరిచే ఉంది. రబ్బరు బుడ్డి గట్టిగానే ఉంది. సీసాలో మాత్రం పెట్రోలు కింద ఒక పొర వేరుగా కనిపించింది. నీళ్ళే. డబ్బాలో ఉన్నదంతా పక్కన పెట్టేసి, కొత్త డబ్బా విప్పి, ఆయిలు కలిపి పోశాడు. ప్లగ్గుల్లో ఒకటి పొడిగా, బాగానే ఉంది, రెండోది నల్లగా తడిగా ఉంది. దాన్ని బ్రష్షుతో రుద్ది బిగించాడు. వణుకు కాస్త తగ్గింది గానీ, ఆగడం మానలేదు.

సాయంత్రం మళ్ళీ ఫోను చేశాడు. ఈసారి అవతల సందడిగా ఉంది. వంటింట్లో కుక్కరు ఈల వేస్తోంది. దిండు నాదంటే నాదని ఇద్దరు పిల్లలు కొట్టుకుంటున్నారు. ఎవరో ఆడమనిషి, మేస్త్రీ భార్యే కాబోలు, "ఏవండీ, టీ చల్లారిపోతోంది" అని కేకేసింది.

"చల్లారనీ" అన్నాడు మేస్త్రీ. "చెప్పండి కండక్టరు గారూ."

చెప్పాడు.

"అయితే కార్బొరేటరే. విప్పగలరా?"

"బస్సు టైర్లు మార్చానండీ, ఇదెంత?"

"టైరు చేత్తో మార్చేది. ఇది ఓపికతో చేసేది. స్టవ్వు ఆర్పెయ్యండి, తలుపు తీసి పెట్టండి. నీళ్ళ మీద విప్పకండి, ఒక్క మర జారిందంటే చేపల కడుపులోకే. తెల్లటి గుడ్డ పరిచి, విప్పిన సామాను విప్పిన వరసలోనే పెట్టుకోండి. మీ బస్సులో క్యూ కట్టించినట్టు. ముందెక్కినవాడు చివర దిగుతాడు, అంతే."

మర్నాడు పొద్దున్నే మేత వేసేసి కూర్చున్నాడు కండక్టరు. పెట్రోలు పైపు పీకి, కారే చుక్కల్ని గుడ్డతో ఒత్తాడు. రేసు కడ్డీ, చోక్ కడ్డీ తప్పించి, రెండు బోల్టులు విప్పేసరికి పిడికిలంత కార్బొరేటర్ చేతిలోకొచ్చింది. ఇంత చిన్నదా ఇంత గోల చేసింది అనిపించింది. పక్కనున్న సన్నటి గాలి మరని విప్పే ముందు, మేస్త్రీ చెప్పినట్టు, మెల్లగా లోపలికి తిప్పి ఎన్ని చుట్లకి ఆగుతుందో చూసుకున్నాడు. ఒకటిన్నర. గోడ మీద సుద్దతో రాసుకున్నాడు. కింది గిన్నె మరలు మొండికేశాయి. స్క్రూడ్రైవరు మీద ఒళ్ళంతా మోపి తిప్పితే ఊడాయి గానీ, గిన్నెకీ పైభాగానికీ మధ్యనున్న పల్చటి ప్యాకింగు చిరిగింది.

గిన్నె అడుగున మాడిన పాకంలా గోధుమరంగు జిగురు పట్టి ఉంది. పాత పెట్రోలు ఎండి పేరుకున్నదది. లోపల తేలే బుడగని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. చప్పుడు లేదు, అంటే కారట్లేదు. ఆఖరికి స్లోలో పెట్రోలు అందించే సన్నటి గొట్టం, స్లో జెట్టు, విప్పాడు. ఇత్తడిది, బియ్యపు గింజకి కాస్త పెద్ద. దాని మధ్య వెంట్రుక దూరేంత కన్నం ఉండాలి. కిటికీ వైపు పట్టుకుని కన్ను చికిలించాడు. చీకటే. చుక్క వెలుగు లేదు.

స్టూలెక్కి అడిగితే మేస్త్రీ కంగారుపడ్డాడు. "ఇనప తీగ గానీ పెట్టావా, చచ్చామే! కన్నం పెద్దదైతే జన్మలో కుదురుకోదు. పాత కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు తియ్యి. ముందు మంచి పెట్రోల్లో నానబెట్టు. తరవాత మెల్లగా, పసిపిల్ల చెవి శుభ్రం చేసినట్టు చెయ్యి. సైకిలు పంపుందా? దాంతో గాలి కొట్టు. ప్యాకింగు చిరిగిందంటున్నావుగా, సబ్బు మెత్తగా నలిపి రాసి బిగించు. కొన్నాళ్ళు ఆగుతుంది, కానీ అదే సర్దుబాటనుకోకు. కొత్తది వేసుకోవాలి."

మీరు కాస్తా నువ్వయింది. కండక్టరుకి అది ఎంతో బాగుంది.

జెట్టు నానింది. రాగి పోగుతో మెల్లగా పొడిచి, పంపుతో గాలి కొట్టి, మళ్ళీ కిటికీ వైపు పట్టుకున్నాడు. సూది మొనంత వెలుగు మెరిసింది. గుండ్రంగా, తెల్లగా.

"ఇదిగో, చూడూ!" అన్నాడు పక్కకి తిరిగి.

పక్కన ఎవరూ లేరు. మేత బస్తాలున్నాయి. కాసేపు జెట్టుని అలాగే పట్టుకుని కూర్చుని, తరవాత బిగించడం మొదలెట్టాడు.

సాయంకాలానికి మోటారు పడవకెక్కింది. మొదట పొగ చిమ్మింది, ఒకసారి తుమ్మింది, తరవాత సర్దుకుంది. వేడెక్కనిచ్చి స్లోలో పెట్టాడు. టుక్, టుక్, టుక్, టుక్. పక్క గొట్టంలోంచి మోటారుని చల్లబరిచిన నీటిధార సన్నగా పడుతోంది. బోనులన్నీ చుట్టి వచ్చాడు. ఒక్కసారి కూడా ఆగలేదు.

స్టూలెక్కాడు. బాగుపడిందని చెప్పాలి, దండం పెట్టాలి, అంతే. అవతల అదే సందడి. ఎవరో పాఠం వల్లె వేస్తున్నారు. గిన్నె కింద పడింది. నవ్వులు. మేస్త్రీ "ఆఁ, ఏమైంది కండక్టరూ?" అన్నాడు.

బాగుపడిందంటే ఇక ఏం మిగిలింది మాట్లాడుకోడానికి?

"ఇంకా... కొంచెం వణుకుతోందండీ" అన్నాడు.

తను అన్న మాటకి తనే ఉలిక్కిపడ్డాడు. టికెట్టు దగ్గర కూడా ఏనాడూ అబద్ధమాడని మనిషి.

"అలాగా? అయితే ప్లగ్గు సందు చూడు" అని మేస్త్రీ మొదలెట్టాడు. అలా ఆ సాయంత్రం గడిచింది. మర్నాటి సాయంత్రం మోటారుని పడవకి బిగించే పట్లు వదులయ్యాయేమో చూడమన్నాడు. ఆ మర్నాడు పెట్రోలు వడపోత మార్చమన్నాడు. లేని జబ్బుకి మందులన్నీ కండక్టరు నిజాయితీగా వేశాడు. చెప్పిన ప్రతి పనీ చేశాడు. దాంతో మోటారు రోజురోజుకీ ఇంకా బాగుపడిపోతోంది. మధ్యలో మాటలు దారి తప్పేవి. మేస్త్రీ కుర్రతనంలో నదిలో మునిగిపోయిన మోటారుని బతికించిన కథ చెప్పాడు. కండక్టరు బస్సులో పురుడొచ్చిన కథ చెప్పాడు. ఆ రోజు మేస్త్రీ ఫోను పక్కకి పెట్టి తన భార్యకి ఆ కథంతా మళ్ళీ చెప్పడం, ఆవిడ "అయ్యో, బిడ్డ బతికిందా?" అని అడగడం కండక్టరుకి వినపడింది. "బతికిందమ్మా, ఇప్పుడు దానికే బిడ్డలు!" అని ఇటునుంచి అరిచాడు. ఆ రోజు అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

కానీ మేస్త్రీ పిచ్చివాడు కాదు. ఒక సాయంత్రం, "ఇన్ని చేశాక వణక్కూడదే. ఒక పని చెయ్యి, మోటారు స్లోలో పెట్టి, ఫోను దగ్గరగా పట్టుకో. నేను వింటాను" అన్నాడు.

"ఇప్పుడు... చేతిలో పనుందండీ, రేపు వినిపిస్తాను."

మర్నాడంతా ఆ మాటే తొలిచింది. నిజం చెప్పేద్దామని నాలుగుసార్లు అనుకున్నాడు. సాయంత్రం ఫోను చేసే వేళకి పడవలోకి దిగి, స్క్రూడ్రైవరు తీసి, గాలి మరని లోపలికి తిప్పేశాడు. నున్నగా ఆడుతున్న మోటారు వణికింది. దగ్గింది. పని నేర్చి బాగుచేసిన చేత్తోనే దాన్ని పాడుచేస్తుంటే, కట్టేసిన పశువుని కొట్టినట్టు అనిపించింది. అయినా స్టూలెక్కి నంబరు నొక్కి, ఫోను మోటారు వైపు చాచి పట్టాడు.

మోటారు ఆగిపోయింది.

"ఇది చెత్త అడ్డుపడ్డ చప్పుడు కాదు" అన్నాడు మేస్త్రీ. "గాలి మర ఎవరో తిప్పారు."

కండక్టరు స్క్రూడ్రైవరుని గబుక్కున జేబులో దోపుకున్నాడు.

"అక్కడ నువ్వు తప్ప ఎవరున్నారు?"

"ఎవరూ లేరండీ."

కుక్కరు ఈల వేసింది. పిల్లలు ఏదో అడుగుతున్నారు. మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "మర ఒకటిన్నరకి పెట్టుకో. పొద్దున చేపలకి మేత వెయ్యాలిగా" అని ఫోను పెట్టేశాడు.

తిట్టినా బాగుండేది. కండక్టరు మర సరిచేసి, గదిలోకి వచ్చి, దీపం పెట్టకుండా కూర్చున్నాడు. ముఖం చూసేవాళ్ళెవరూ లేరు, అయినా తువ్వాలు ముఖం మీద కప్పుకున్నాడు.

ఆ తరవాత ఆయన ఫోను చెయ్యలేదు. మేస్త్రీ కూడా చెయ్యలేదు. వానలు పట్టాయి. రేకుల మీద వాన మోతలో అరిచినా తన గొంతు తనకి వినపడేది కాదు. స్టూలు మూలన ఊరికే తడిసేది. ఒకప్పుడు మాటలు లేక దిగులుపడ్డాడు. ఇప్పుడు మాటలు దొరికి, చేజేతులా పోగొట్టుకున్న దిగులు. మొదటి దానికంటే ఇది బరువుగా ఉంది. మోటారు మాత్రం చక్కగా ఆడుతోంది. దాని చప్పుడు వింటే ఆయనకి సిగ్గేసేది.

వానలు తగ్గుముఖం పట్టేసరికి సబ్బు కరిగింది. గిన్నె అంచు నుంచి పెట్రోలు చెమర్చి, పడవ అడుగున నీళ్ళ మీద రంగురంగుల తెట్టె కట్టడం మొదలెట్టింది. అగ్గిపుల్ల పడితే అంతే సంగతులు. సూపర్‌వైజరుకి చెప్తే, "ఒక రోజు నేనే ఉంటాలే, వెళ్ళి ప్యాకింగు కొనుక్కురా. నువ్వు మనుషుల మొహం చూసి ఎన్నాళ్ళయిందీ?" అన్నాడు.

వేరే కొట్టులో కొనుక్కోవచ్చు. బస్సులో కూర్చుని దారంతా అదే అనుకున్నాడు. దిగాక కాళ్ళు మాత్రం మేస్త్రీ షెడ్డు ఎక్కడని అడుగుతూ అటే పోయాయి.

షెడ్డు ఇరుకు. గోడలకి మోటార్లు వేలాడుతున్నాయి, విప్పినవి, విప్పవలసినవి. నేల ఆయిలుతో నల్లబడింది. మధ్యలో బల్ల మీద వంగి పనిచేస్తున్న మనిషి సన్నగా, పొట్టిగా ఉన్నాడు. అంత బరువైన గొంతు ఈ ఒంట్లో ఎక్కడ పట్టిందా అనిపించింది కండక్టరుకి. ముందు ముగ్గురు బేరగాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళు ఏమడిగినా ఆయన తలూపడం, వేలు చూపించడం తప్ప మాట్లాడట్లేదు. వాళ్ళు వెళ్ళిపోయాక కండక్టరు గుమ్మం దగ్గర నుంచే అన్నాడు.

"కార్బొరేటర్ గిన్నె ప్యాకింగు కావాలండీ."

మేస్త్రీ చేతులు ఆగాయి. తలెత్తి చూశాడు. కండక్టరు చెప్పుల వంక చూసుకున్నాడు.

"సబ్బు ఎన్నాళ్ళు ఆగింది?" అన్నాడు మేస్త్రీ.

"వానలు అయ్యేదాకా ఆగిందండీ."

ఆయన లేచి, డబ్బాలన్నీ వెతికి, కాగితంలో చుట్టిన ప్యాకింగు తెచ్చి చేతిలో పెట్టాడు. కండక్టరు తీసుకున్నాడు. ఆ రోజు సంగతి ఎత్తి, క్షమించమని అడగాలని నోరు తెరిచాడు. మేస్త్రీ అడ్డొచ్చాడు.

"తిరుగు బస్సెప్పుడు?"

"సాయంత్రమండీ."

"అయితే ఇది పట్టుకో" అని బల్ల మీదున్న మోటారు తలకాయ చూపించాడు.

కండక్టరు పట్టుకున్నాడు. మేస్త్రీ కింద నుంచి బోల్టులు విప్పాడు. ఒకటయ్యాక ఒకటి. ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఫోనులో గలగల్లాడిన మనిషి ఇతనేనా? కోపం ఇంకా తగ్గలేదు కాబోలనుకున్నాడు కండక్టరు.

మధ్యాహ్నం మేస్త్రీ భార్య వెనక ఇంట్లోంచి టీ తెచ్చింది. కండక్టరు "చాలమ్మా, సగం చాలు" అనగానే ఆ గొంతు గుర్తుపట్టి, గ్లాసుతో అలాగే నిలబడిపోయింది.

"మీరేనా అన్నయ్యగారూ, బస్సులో పురుడు పోసింది?" అని నవ్వింది. "ఏమిటీయన మీతో మాట్లాడట్లేదా? ఏమీ అనుకోకండి. ఎదురుగా మనిషుంటే ఈయనకి నోరు పెగలదు. పెళ్ళయిన కొత్తలో నేను మూగవాడికిచ్చారనుకుని ఏడ్చాను. ఫోనైతే మాత్రం ఎక్కడ లేని మాటలూ వస్తాయి. మీ ఫోను ఆగిపోయాక సాయంత్రాలు ఊరికే గోడ చూస్తూ కూర్చున్నారు."

"నువ్వెళ్ళవే" అన్నాడు మేస్త్రీ, చెవులు ఎర్రబడి.

ఆవిడ వెళ్ళాక కండక్టరు మెల్లగా, "మోటారు కార్బొరేటర్ విప్పిన రోజే బాగుపడిందండీ" అన్నాడు.

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

మేస్త్రీ బోల్టు తుడిచి పక్కన పెట్టాడు. "వడపోత మార్చమన్న రోజు. వినిపించమన్నది నిజం నువ్వే చెప్తావేమోనని" అన్నాడు. అంతకంటే ఆయన ఏమీ చెప్పలేదు. కండక్టరూ అడగలేదు.

బస్సు వేళకి చెయ్యి తుడుచుకుని బయల్దేరాడు. మేస్త్రీ గుమ్మం దాకా వచ్చి, ఏదో అనబోయి, తల ఊపి లోపలికి పోయాడు. కండక్టరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చి ఇంటికి, అంటే నీళ్ళ మీదికి, చీకటి పడుతుండగా చేరాడు. సూపర్‌వైజరు పడవ వెళ్ళిపోయాక మళ్ళీ అదే నిశ్శబ్దం. మర్నాడు పాత సబ్బంతా గోకి, కొత్త ప్యాకింగు వేసి బిగించాడు. ఎక్కడా చెమ్మ లేదు.

దాంతో ఆయన ఒంటరితనం తీరిపోయిందని చెప్తే అది కట్టుకథ. మేస్త్రీకి పనులుంటాయి, మనవలుంటారు. కొన్ని సాయంత్రాలు ఎవరూ ఫోను ఎత్తరు. వారాలకి వారాలు మాటే ఉండదు. కండక్టరు కూడా ఊరికే చెయ్యడానికి మొహమాటపడతాడు. చేపలు పెరుగుతాయి, లారీలొచ్చి తీసుకుపోతాయి, కొత్త పిల్లలొస్తాయి, మళ్ళీ మేత.

ఒక సాయంత్రం ఆయన వల కుడుతుండగా ఫోను మోగింది. పరిగెత్తి స్టూలెక్కాడు.

"ఏం కండక్టరూ, ఏమిటి సంగతులు?" అంది బరువైన గొంతు.

"ఏమీ లేవండీ. మోటారు బాగానే ఉంది."

"మోటారు గురించి నేనడగలేదే."

ఇద్దరూ అలాగే ఫోన్లు పట్టుకుని ఉన్నారు. అటు పిల్లలు ఏదో ఆటలో కేకలు పెడుతున్నారు. ఇటు నీళ్ళు పీపాలకి కొట్టుకుంటున్నాయి.

"అది నీళ్ళ చప్పుడేనా?" అన్నాడు మేస్త్రీ కాసేపయ్యాక.

"అవునండీ. ఈవేళ గాలి ఉంది."

"ఊఁ" అన్నాడు మేస్త్రీ. పెట్టెయ్యలేదు.